44781 కోసం ఇంగ్లాండ్ నుంచి తెప్పించుకున్న సెకండ్ హ్యాండ్ బ్లాక్ ఫైవ్

ముందే చెప్పేస్తాను. ఈ దుకాణంలో సెకండ్ హ్యాండ్ మోడల్ రైలు ఇంజన్ నిశ్చింతగా కొనొచ్చు, కాకపోతే మెయిల్ రాసి మూడు ప్రశ్నలు అడిగి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. ఉత్తర ఇంగ్లాండ్‌లో ఉన్న చిన్న దుకాణం ఇది. సేకరణలు అమ్ముకునేవాళ్ల దగ్గర పాత ఓఓ గేజ్ (అసలు రైలులో ఒక అడుగుకి 4 మిల్లీమీటర్ల లెక్కన చేసే బ్రిటిష్ మోడల్ సైజు) ఇంజన్లు, బోగీలు కొని, శుభ్రం చేసి మళ్లీ అమ్ముతారు. కింద ఒక చిన్న ఫిర్యాదు కూడా ఉంది కాబట్టి పేరు రాయడం లేదు.

బ్రిటన్ బయట ఉండి బ్రిటిష్ ఇంజన్లు సేకరించేవాళ్లకి దుకాణం అంటే నాలుగు ఫొటోలు, రెండు లైన్ల వివరణ, అంతే. చేత్తో పట్టుకుని చూడలేం, కౌంటర్ మీద పట్టా వేసి నడిపించి చూపించమని అడగలేం, నచ్చకపోతే వెనక్కి పంపడానికి అయ్యే ఖర్చుతో ఇంకో వ్యాగన్ వచ్చేస్తుంది. అందుకే నేను వాళ్లు రాసే మాటల్లో ఎంత నిజం ఉంది, పార్సిల్ ఎలా కట్టారు అన్నవే ముందు చూస్తాను, ధర తర్వాత.

నాకు కావాల్సింది 44781 నంబర్ ఆవిరి ఇంజన్ మోడల్. ఎందుకంటే 1968 ఆగస్టు 11న బ్రిటిష్ రైల్వేస్ తన మెయిన్‌లైన్ మీద ఆవిరి ఇంజన్లతో చివరి ప్యాసింజర్ రైలు నడిపింది. టికెట్ 15 గినీలు, అంటే 15 పౌండ్ల 15 షిల్లింగులు, అందుకే దానికి ఫిఫ్టీన్ గినీ స్పెషల్ అని పేరు పడింది. లివర్‌పూల్ లైమ్ స్ట్రీట్‌లో బయలుదేరి మాంచెస్టర్ మీదుగా కార్లైల్ వెళ్లి అదే రోజు తిరిగొచ్చింది. లివర్‌పూల్, మాంచెస్టర్ మధ్య రానూపోనూ 45110 నంబర్ ఇంజన్ లాగింది, మాంచెస్టర్ నుంచి కార్లైల్ దాకా 70013 ఆలివర్ క్రామ్‌వెల్. తిరుగు ప్రయాణంలో కార్లైల్ నుంచి మాంచెస్టర్ దాకా బ్లాక్ ఫైవ్ అనే రకం ఇంజన్లు రెండు జంటగా లాగాయి: 44871, 44781. మర్నాటి నుంచి మెయిన్‌లైన్ మీద ఆవిరి ఇంజన్లకి నిషేధం. ఆ నాలుగు ఇంజన్లలో మూడు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. 44781 ఒక్కటే లేదు. దాన్ని ఒక సినిమా షూటింగ్‌కి వాడి, పట్టాల మీంచి పడేసి, ఆ తర్వాత అక్కడే ముక్కలు చేశారు. విలియం స్టానియర్ డిజైన్ చేసిన బ్లాక్ ఫైవ్‌లు 1934 నుంచి 1951 దాకా 842 తయారయ్యాయి, 18 మిగిలాయి, ఆ 18లో ఇది ఉండాల్సింది అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. నా దగ్గర 44871 మోడల్ నాలుగేళ్లుగా ఉంది, దాని పక్కన ఆ రోజు నడిచిన జోడీ లేకపోవడం చూసి చూసి ఇక ఆగలేకపోయాను.

నంబర్లు జాగ్రత్తగా చూడండి. 44871లో మూడో అంకె, నాలుగో అంకె తారుమారు చేస్తే 44781 అవుతుంది. కాబట్టి ఇంకో 44871 సెకండ్ హ్యాండ్‌లో దొరికితే చాలు, క్యాబ్‌కి, అంటే డ్రైవర్ నిలబడే గదికి, రెండు వైపులా రెండేసి అంకెలు మారిస్తే సగం పని అయిపోయినట్టే. ఈ దుకాణంలో సరిగ్గా అదే కనిపించింది, 85 పౌండ్లు.

నేను అడిగిన మూడు ప్రశ్నలు ఇవి. ఒకటి, ఇంజన్ రెండు దిశల్లోనూ నెమ్మదిగా నడుస్తున్న వీడియో పంపగలరా? రెండు, చిన్న భాగాలు, అంటే మెట్లు, బఫర్లు, హ్యాండ్‌రెయిల్స్, సంచిలో వచ్చే బ్రేక్ పైపులు అన్నీ ఉన్నాయా? మూడు, లోపలి ఛాసిస్ లోహం మీద పగుళ్లు, ఉబ్బు ఏమైనా కనిపిస్తున్నాయా? ఈ మూడోది చాలామంది అడగరు, అడగాలి. మజాక్ అనే జింక్ మిశ్రమ లోహంలో సీసం లాంటి మలినాలు కలిస్తే ఏళ్లు గడిచాక అది లోపల్నుంచే ఉబ్బి, పగిలి, పొడి అయిపోతుంది. దానికి వైద్యం లేదు. పైన రంగు ఎంత మెరుస్తున్నా లోపల ఛాసిస్ అరటికాయలా వంగి ఉంటే ఆ డబ్బు పోయినట్టే. వాళ్లు మర్నాడే జవాబు రాశారు. బాడీ విప్పి ఛాసిస్ ఫొటో రెండు వైపుల నుంచి తీసి పంపారు, నలభై సెకన్ల వీడియో కూడా పంపారు. ఇంత ఓపిక పెద్ద దుకాణాల్లో నాకు దొరకలేదు.

ధర విషయంలో ఒక మాట. కొత్త మోడల్ అయితే బ్రిటన్ బయటికి పంపేటప్పుడు చాలా దుకాణాలు 20 శాతం వ్యాట్ తీసేస్తాయి. 200 పౌండ్ల ఇంజన్ 160కి వస్తుందని అనుకోకండి, వ్యాట్ వేసింది అసలు ధర మీద కాబట్టి లెక్క 166 పౌండ్ల 67 పెన్స్‌కి తేలుతుంది. సెకండ్ హ్యాండ్ వస్తువులు ఎక్కువగా మార్జిన్ స్కీమ్ కింద అమ్ముతారు, దుకాణం తన లాభం మీదే వ్యాట్ కడుతుంది, అందుకని మనకి తగ్గేదేమీ పెద్దగా ఉండదు. నాకు 85 పౌండ్లే పడింది, ట్రాకింగ్‌తో పోస్టేజీ ఇంకో 18. కస్టమ్స్ ఫారం మీద అసలు విలువే రాశారు, బొమ్మలకీ మోడళ్లకీ వాడే 9503 కోడ్ వేశారు, నేను అడగకుండానే. గిఫ్ట్ అని రాసి పంపమని దయచేసి ఎవరినీ అడగకండి, పార్సిల్ పోయినా పగిలినా ఆ ఫారం మీద ఉన్న విలువ చూపించే మనం మాట్లాడాలి.

ప్యాకింగ్ చూసి చాలా సంతోషం వేసింది. బ్లాక్ ఫైవ్ బఫర్ నుంచి బఫర్ దాకా 63 అడుగుల పైన, 4 మిల్లీమీటర్ల స్కేల్‌లో పాతిక సెంటీమీటర్లు దాటుతుంది, టెండర్‌కీ (ఇంజన్ వెనక ఉండే బొగ్గు, నీళ్ల బండి) ఇంజన్‌కీ మధ్య సన్నటి వైర్లు ఉంటాయి. దారిలో టెండర్ కదిలితే ముందు తెగేవి అవే. వాళ్లు ఇంజన్‌కీ టెండర్‌కీ మధ్య నురుగు ముక్క దూర్చి, మొత్తాన్ని టిష్యూలో చుట్టి, అసలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని రెండింతల అట్టపెట్టెలో అన్ని వైపులా నలిపిన కాగితం కుక్కి పంపారు. పెట్టె ఒక మూల బాగా నొక్కుకుపోయి వచ్చింది, లోపల ఇంజన్‌కి ఏమీ కాలేదు.

ఇక ఫిర్యాదు. అన్ని భాగాలూ ఉన్నాయని రాశారు, కానీ క్యాబ్ కింద ఎడమ వైపు మెట్టు విరిగి ఉంది. దారిలో విరిగింది కాదు, ఎందుకంటే విరిగిన చోట పాత జిగురు మరక ఉంది, ముక్క డబ్బాలో ఎక్కడా లేదు. ఫొటో పెట్టి మెయిల్ రాస్తే క్షమాపణ చెప్పి 10 పౌండ్లు వెనక్కి ఇచ్చారు, వాదించలేదు. ఇలాంటిది ముందే చూసుకోవాల్సింది అని నా ఉద్దేశం, ఇంత దూరం నుంచి కొనేవాళ్లకి ఒక మెట్టు దొరకబుచ్చుకోవడం కూడా నెలల పని. చివరికి ఇత్తడి రేకు కత్తిరించి సోల్డర్ చేసి నేనే చేసుకున్నాను, రంగు వేశాక కుడి వైపు మెట్టుతో పోల్చి చూస్తే తేడా తెలియడం లేదు.

నడక మొదట్లో బాగా లేదు. వీడియోలో సాఫీగానే నడిచింది, ఇక్కడికి వచ్చేసరికి ఆగి ఆగి నడిచింది. టెన్షన్ పడ్డాను, కానీ కారణం మామూలుదే. ఏళ్ల తరబడి డబ్బాలో ఉన్న ఇంజన్లో గేర్ల మీది గ్రీజు మైనంలా గట్టిపడుతుంది, ప్రయాణంలో చలికి ఇంకా బిగుస్తుంది. కింది ప్లేటు విప్పి, పాత గ్రీజుని టూత్‌పిక్‌తో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచి, ప్లాస్టిక్‌ని తినని నూనె ఇరుసుకి ఒక్కో చుక్క వేశాను. చక్రాల వెనక రాసుకుంటూ కరెంటు అందుకునే పికప్ రేకుల్లో రెండు చక్రానికి తగలడం లేదు, వాటిని వెంట్రుకవాసి లోపలికి వంచాను. అరగంట ముందుకి, అరగంట వెనక్కి తిప్పాక గడియారంలా నడిచింది.

నంబర్ మార్చడమే నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని, తొందరపడితే అన్నిటికన్నా త్వరగా చెడిపోయేదీ అదే. క్యాబ్ అంచున ఎరుపు, క్రీమ్, బూడిద రంగు గీతలు ఉంటాయి, వాటికి ముందు టేప్ అంటించాలి. తర్వాత ఎనామిల్ థిన్నర్‌లో ముంచి గట్టిగా పిండేసిన ఇయర్‌బడ్‌తో ఆ రెండు అంకెల మీద మాత్రమే గుండ్రంగా రుద్దాలి, అంకె మెత్తబడ్డాక చెక్క టూత్‌పిక్ కొనతో తీసేయాలి. ఒక్కో అంకెకి పది నిమిషాలు పట్టింది. అసలు ఇంజన్ మీద ఈ అంకెలు సాధారణంగా 8 అంగుళాలు, మన స్కేల్‌లో 2.7 మిల్లీమీటర్లు. ఫొటో చూడకుండా సైజు నమ్మకండి, ఒక్కో వర్క్‌షాప్ ఒక్కోలా వేసింది. తుడిచిన చోట మెరిసే వార్నిష్ వేసి, ఆరాక నీటిలో నానబెట్టే ట్రాన్స్‌ఫర్ అంకెలు పెట్టి, మైక్రో సోల్ అనే ద్రవం ఒక చుక్క వేస్తే ఫిల్మ్ మెత్తబడి రంగులో కలిసిపోతుంది. పైన శాటిన్ వార్నిష్. మిగిలిన మూడు పాత అంకెల పక్కన కొత్తవి తెలుపులో కొంచెం తేడాగా కనిపిస్తాయేమోనని భయపడ్డాను, వార్నిష్ పడ్డాక కలిసిపోయాయి.

ఇంజన్ ముందు భాగంలో ఉండే పొగపెట్టె తలుపు మీది నంబర్‌కి మాత్రం ఎచ్చింగ్ చేసిన లోహపు ప్లేటే పెట్టాలి. ఇది, ట్రాన్స్‌ఫర్ షీటు రెండూ మామూలు కవర్లో ఉత్తరంలా వచ్చేస్తాయి, దూరాన ఉన్నవాళ్లకి ఇదొక వరం. ప్లేటుని సూపర్ గ్లూతో అంటించకండి, దాని ఆవిరికి నల్ల రంగు తెల్లగా పొగబారుతుంది. వార్నిష్ చుక్క మీద పెడితే సరి చేసుకోవడానికి రెండు నిమిషాలు టైమ్ కూడా ఉంటుంది.

టెండర్ మీది చిహ్నం కూడా చూసుకోండి. చక్రం మీద నిలబడ్డ సింహం 1956కి ముందుది, 1956 నుంచి వచ్చింది వేరే చిహ్నం. 1968 నాటి ఇంజన్‌కి రెండోదే ఉండాలి. నాకు వచ్చిన మోడల్ మీద అదే ఉంది. టెండర్లలో రివెట్లు కొట్టినవీ వెల్డింగ్ చేసినవీ ఉన్నాయి, ఇంజన్లు టెండర్లు మార్చుకుంటూ ఉండేవి కూడా, అందుకని 1968 వేసవి ఫొటో దొరికేదాకా టెండర్ మీద చెయ్యి వేయలేదు.

రంగుల దగ్గర మాత్రం దుకాణం ఏమీ చేయలేదు, అది వాళ్ల తప్పు కాదు. ఎనామిల్ రంగులు, థిన్నర్లు మండే ద్రవాలు కాబట్టి విమానంలో పోస్టు చేయనివ్వరు. మీరున్న చోట దొరికే అక్రిలిక్ రంగులతోనే కలుపుకోవాలి. నలుపు ఇంజన్‌కి ఇబ్బంది లేదు, కాస్త బూడిద రంగు కలిపిన నలుపు చాలు, అచ్చ నలుపు ఈ సైజులో బొమ్మలా కనిపిస్తుంది. బ్రన్స్‌విక్ గ్రీన్ అనే ముదురు ఆకుపచ్చ ఇంజన్ అయితే మాత్రం రంగు కలిసేదాకా చాలా ముక్కలు పాడు చేయాల్సి వస్తుంది.

రెండు ఇంజన్లూ కలిసి లాగాలంటే డీకోడర్, అంటే ఇంజన్ లోపల పెట్టే డిజిటల్ కంట్రోల్ చిప్, తప్పదు. ఎనిమిది పిన్నుల సాకెట్, నారింజ వైరు ఒకటో పిన్నుకి వచ్చేలా పెట్టాలి. కొత్త డీకోడర్ అడ్రస్ 3 ఉంటుంది, నాలుగంకెల అడ్రస్సే కుదురుతుంది కాబట్టి మొదటి 4 వదిలేసి 4781 ఇచ్చాను, పాతది 4871. ఇక్కడే అసలు శ్రమ. రెండు మోటార్లు ఒకే వేగంతో తిరగకపోతే ఒకటి లాగుతుంటే ఇంకొకటి తోస్తూ, చక్రాలు జారుతూ ఉంటాయి. వేగాన్ని సరిచేసే డీకోడర్ సెట్టింగులు సీవీ 2, 5, 6 మార్చుకుంటూ రెండింటినీ ఒకే వలయం మీద జానెడు దూరంలో వదిలి, ఒకటి ఇంకొకదాన్ని అందుకోకుండా, వెనకబడకుండా ఉండేదాకా చూశాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. ఆ తర్వాత సీవీ 19లో రెండింటికీ ఒకే నంబర్ ఇస్తే ఒకే ఇంజన్‌లా కదులుతాయి. ఒక హెచ్చరిక: 438 మిల్లీమీటర్ల సెకండ్ రేడియస్ వంపుల మీద సిలిండర్ల కింది సన్న పైపులు ఇంజన్ ముందుండే చిన్న చక్రాలకి తగులుతాయి. మీ వంపులు అంత బిగుతుగా ఉంటే అవి పెట్టకండి, నేను వంపులు పెద్దవి చేసుకుని పెట్టాను.

కొత్త మోడళ్లకి ఈ దుకాణం వద్దు, ప్రీ ఆర్డర్లు తీసుకోరు, వ్యాట్ తగ్గింపు గురించి అడిగితే స్పష్టమైన జవాబు లేదు. సెకండ్ హ్యాండ్‌కి మాత్రం నేను మళ్లీ ఇక్కడికే వస్తాను. 1946లో లివర్‌పూల్‌లో మొదలైన హ్యాటన్స్ అనే మోడల్ రైళ్ల దుకాణం 2024 జనవరిలో మూసేస్తున్నట్టు ప్రకటించాక, బ్రిటన్ బయట ఉన్న మాలాంటివాళ్లకి పాత ఇంజన్లు వెతుక్కునే పెద్ద చోటు పోయింది. ఛాసిస్ ఫొటో అడిగితే విప్పి తీసి పంపే చిన్న దుకాణాలు ఇప్పుడు మాకు ఎంతో కావాలి.

ఆగస్టు 11 సాయంత్రం రెండింటినీ మొదటిసారి కలిపి, టెండర్లలో నిజమైన బొగ్గు పొడి నింపి, ముందు బఫర్ బీమ్ మీద 1టీ57 అని ఆ రైలు గుర్తింపు కోడ్ (హెడ్‌కోడ్) పెట్టి, ఆరు మెరూన్ బోగీలు తగిలించాను. ఎక్కడా జారకుండా లాగాయి. దుకాణానికి వీడియో పంపాను, 70013 ఎప్పుడైనా వస్తే నాకోసం పక్కన పెట్టమని కూడా రాశాను, ఈసారి మెట్లు లెక్కపెట్టి చూసి పంపమని.