ఏడు పత్రాల వ్యాసం: కొన్నేళ్లు నేర్పించాక నా అభిప్రాయం

అమెరికాలో హైస్కూలు పిల్లలు రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (కాలేజీ స్థాయి) చరిత్ర పరీక్షల్లో డీబీక్యూ, అంటే డాక్యుమెంట్ బేస్డ్ క్వశ్చన్, అనే వ్యాసం ఒకటి ఉంటుంది. ఒక ప్రశ్న ఇచ్చి, దాని కింద ఏడు ఆధార పత్రాలు పెడతారు. ఉత్తరం, ప్రసంగం, పత్రికా వ్యాసం, కార్టూన్, పటం, ఏదైనా కావచ్చు. వాటిని చదివి, తమ వాదన ఏమిటో తేల్చుకుని గంటలో వ్యాసం పూర్తి చేయాలి. అందులో మొదటి పదిహేను నిమిషాలు చదువుకోవడానికే కేటాయించుకోమంటారు. మొత్తం పరీక్షలో నాలుగో వంతు విలువ ఈ ఒక్క వ్యాసానిదే. నేను రాజమహేంద్రవరంలో ఉంటూ తెల్లవారుజామున అక్కడి తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లోనూ, సాయంత్రం ఇక్కడి హైస్కూలు పిల్లలకు ఇంటి దగ్గరా చరిత్ర చెబుతాను. రెండు చోట్లా కొన్నేళ్లుగా ఈ పద్ధతే వాడుతున్నాను. పిల్లలను బట్టీ నుంచి తప్పించడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు దొరకలేదు. అయితే మార్కుల పట్టికను మొదటి రోజే చేతిలో పెడితే మాత్రం ఇది కూడా బట్టీ వ్యవహారంగానే మారిపోతుంది.

ఆ పట్టిక సంగతి త్వరగా చెప్పేస్తాను. వ్యాసానికి ఏడు మార్కులు. వాదనకు ఒకటి, ఆ కాలపు నేపథ్యానికి ఒకటి, పత్రాలను వాదనకు ఆధారంగా వాడినందుకు రెండు, పత్రాల్లో లేని విషయం సొంతంగా తెచ్చినందుకు ఒకటి. పత్రం ఎవరు, ఎవరి కోసం, ఎందుకు రాశారో వివరించి దాన్ని వాదనకు ముడిపెడితే ఇంకొకటి. చివరిది విషయంలోని సంక్లిష్టతను పట్టుకున్నందుకు. పత్రాలు వాడినందుకిచ్చే ఆ రెండు మార్కులూ రావాలంటే ఒకప్పుడు ఆరు పత్రాలు వాడవలసి వచ్చేది. 2023-24 నుంచి నాలుగు చాలు. ఈ మార్పు మంచిదే. ఆరింటినీ ఇరికించాలనే తొందరలో పిల్లలు ఒక్కో పత్రానికి ఒక్కో వాక్యం రాసి తోసేసేవారు.

ఈ పద్ధతి అసలు బలం ‘ఎవరు, ఎవరి కోసం, ఎందుకు’ అన్న ఆ ఒక్క మార్కులో ఉంది. ఇక్కడి పిల్లల కోసం ధవళేశ్వరం ఆనకట్ట మీద ఒక పత్రాల కట్ట తయారు చేసుకున్నాను. ఆనకట్ట డెల్టా జీవితాన్ని ఎంతవరకు మార్చిందన్నది ప్రశ్న. 1844లో కాటన్ రాసిన నివేదిక, హెన్రీ మోరిస్ 1878లో గోదావరి జిల్లా గురించి రాసిన పుస్తకంలో కొంత భాగం, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువల పటం, కాటన్‌ను భగీరథుడితో పోల్చిన శ్లోకం, ఒక ఊరి కూడలిలోని కాటన్ విగ్రహం ఫొటో అందులో ఉంటాయి.

కొత్తగా వచ్చిన పిల్లలు నివేదిక చదివి ఇలా రాస్తారు: “ఆనకట్ట కడితే కరువు పోతుందని కాటన్ చెప్పాడు.” అది పత్రంలో ఉన్న మాటే. దానికి ఈ మార్కు రాదు. కొన్ని వారాలు సాధన చేశాక పదో తరగతి అమ్మాయి ఒకరు రాసింది చూడండి: “సొమ్ము మంజూరు చేయవలసింది మద్రాసు ప్రభుత్వం కాబట్టి కాటన్ ప్రజల కష్టంతో పాటు సర్కారుకు పెరగబోయే శిస్తు గురించి కూడా గట్టిగా రాశాడు. అందుకే ఆనకట్టను దయతో చేసిన పనిగా మాత్రమే చూడలేము.” రాసిన వెంటనే ఆ అమ్మాయికే అనుమానం వచ్చింది. “మాస్టారూ, అయితే కాటన్ దొరగారికి మన మీద ప్రేమ లేదంటారా అండీ?” అని అడిగింది. ఉండవచ్చమ్మా, అయినా ప్రేమ చూసి సర్కారు డబ్బివ్వదని ఆయనకు తెలుసు అన్నాను. ఆ రోజు పాఠం అక్కడే ఆగిపోయింది. మిగిలిన సమయమంతా పిల్లలు వాదించుకుంటూనే ఉన్నారు. చరిత్ర తరగతి అలాగే జరగాలని నా గట్టి నమ్మకం.

అన్నిటికంటే వాళ్లను తికమక పెట్టేది విగ్రహం ఫొటో. రోజూ చూసే విగ్రహం గనుక దాన్ని 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి కృతజ్ఞతకు రుజువుగా రాసేస్తారు. విగ్రహం దాన్ని నిలబెట్టిన తరం మనసును చెబుతుంది గాని కట్టిన నాటి రైతు మనసును చెప్పదు. ఈ తేడా ఒకసారి తలకెక్కితే శాసనమైనా, వార్తాపత్రికైనా, ఫోనులో వచ్చిన సందేశమైనా వాళ్లు చదివే తీరు మారుతుంది.

నేపథ్యం రాయడంలో మన పిల్లలు ముందుంటారు. 1832-33 నాటి నందన కరువు, 1839 కోరంగి తుపాను తరువాత జిల్లా ఎంత దెబ్బతిన్నదో రెండు మూడు వాక్యాల్లో చక్కగా చెప్పగలరు. సీబీఎస్‌ఈ ప్రశ్నపత్రాల్లో కూడా మూలపాఠం ఇచ్చి ప్రశ్నలు అడుగుతారు. అక్కడ జవాబు చాలావరకు ఆ పేరాలోనే దొరుకుతుంది కాబట్టి, పేరాను ప్రశ్నించే అలవాటు విడిగా నేర్పాలి.

ఇక లోపాలు. చివరి మార్కు, ఆ సంక్లిష్టత మార్కు, పిల్లలను అనవసరంగా వేధిస్తుంది. దాని కోసం “మరోవైపు చూస్తే” అని ఒక పేరా అతికిస్తారు, వాదన నీరసపడుతుంది. నేను దాన్ని వదిలేసి మిగిలిన ఆరింటి మీద దృష్టి పెట్టమంటాను. 2025 నుంచి పరీక్ష కంప్యూటర్ మీదే రాయాలి. తెర మీద పత్రాలను అటూ ఇటూ తిప్పుతూ ఉంటే ఏది దేనితో పొసగుతుందో తోచదు. అందుకని సాధన మొదలుపెట్టిన కొత్తలో పత్రాలను అచ్చు తీసి, నేల మీద పరిచి, గుంపులుగా పేర్పిస్తాను. గుంపులు కుదిరాకే కలం పట్టాలి.

నాకు నిజంగా బాధ కలిగించేది మరొకటి ఉంది. ఒకప్పుడు ప్రపంచ చరిత్ర పరీక్షలో, ఇచ్చినవి కాక ఇంకా ఎలాంటి పత్రం ఉంటే బాగుండేదో, ఎందుకో కూడా రాయమనేవారు. తరువాత దాన్ని తీసేశారు. నా తరగతిలో మాత్రం ఉంచాను. ఆనకట్టకు రాళ్లూ మట్టీ మోసిన కూలీల మాట ఒక్కటీ లేదని, కాలువ నీళ్లు అందని మెట్ట రైతు గొంతు ఎక్కడుందని పిల్లలు తమంతట తామే అడుగుతున్నారు. ఏడు మార్కుల్లో దీనికి చోటు లేదు. పరీక్షకు నెల రోజులే మిగిలిన పిల్లలకు ఇది పక్కన పెట్టి గడియారం చూసి రాయించండి. ఏడాది సమయం ఉంటే మాత్రం ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టండి. మార్కుల పట్టికను దసరా సెలవుల తరువాత చూపించినా ఆలస్యమేమీ కాదు.