నెదర్లాండ్స్‌లో సైకిల్ యాత్ర: ఎక్కడ తొక్కాలి, ఎక్కడ దిగాలి, ఏం ఇచ్చి రావాలి

నెదర్లాండ్స్‌కు సైకిల్ మీద తిరగడానికి వెళ్లేవాళ్లలో చాలామంది ఆమ్‌స్టర్‌డామ్ దాటి బయటికి రారు. నన్నడిగితే ఆ నగరానికి ఒక్క పూట చాలు. కాలువల పక్కన దారులు ఇరుకు, జనం రద్దీ ఎక్కువ, కొత్తవాళ్లకు అక్కడివాళ్ల వేగం అందదు. నాకు అద్దెకిచ్చిన సైకిలు చైను వదులుగా ఉంది. పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడే రకం కావడంతో చైను జారితే బ్రేకు కూడా పోయినట్టే. తీసుకునే ముందు నాలుగు అడుగులు తొక్కి చూడండి.

ఆ ఒక్క పూటనూ డె పైప్ పేటకు కేటాయించండి. కార్లు వీధులన్నీ ఆక్రమించిన రోజుల్లో, 1972లో, ఆడుకోవడానికి చోటు కావాలని ఆ పేట పిల్లలు వీధికి అడ్డంగా నిలబడ్డారు. అంతకు ముందు ఏడాది దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలే. కూతుర్ని పోగొట్టుకున్న ఒక పాత్రికేయుడు ‘పిల్లల హత్యలు ఆపండి’ అని రాసిన వ్యాసం శీర్షికే సురక్షితమైన వీధుల కోసం సాగిన ఉద్యమానికి పేరైంది. 1975లో సైకిలిస్టుల సంఘం ఫీట్సర్స్‌బాండ్ పుట్టింది. మనం హాయిగా తొక్కే ఎర్రరంగు సైకిల్ దారుల వెనక ఈ కథ ఉంది. ఇది తెలిసి తొక్కితే ఆ దారి విలువ వేరుగా అనిపిస్తుంది.

మిగతా రోజులకు ఉట్రెక్ట్‌లో దిగండి. రైల్వే స్టేషన్ కింద 12,500 సైకిళ్లు పట్టే మూడంతస్తుల పార్కింగ్ 2019లో పూర్తయింది. సైకిలు దిగకుండానే లోపలికి తొక్కుకుంటూ వెళ్లవచ్చు. ఏ వరుసలో ఎన్ని ఖాళీలున్నాయో బోర్డులు చూపిస్తాయి. మొదటి 24 గంటలు ఉచితం. నేను చూసిన వాటిలో ఇంత మర్యాదగా చూసుకునే చోటు ఇంకొకటి లేదు.

అక్కడికి దగ్గరలోనే హౌటెన్. అందరూ వదిలేసే ఈ చిన్న పట్టణాన్నే నేను అన్నిటికన్నా పైన పెడతాను. ఒక పేట నుంచి ఇంకో పేటకు కారులో వెళ్లాలంటే ఊరి చుట్టూ ఉన్న రింగు రోడ్డు ఎక్కి తిరిగి రావాలి. సైకిలుకు మాత్రం నడిబొడ్డు నుంచి సూటి దారి. బడి వదిలే వేళకు అక్కడ నిలబడి చూడండి. పెద్దవాళ్ల తోడు లేకుండా పిల్లలు పక్కపక్కనే కబుర్లాడుకుంటూ ఇంటికి పోతుంటారు. ఉద్యమం ఏం సాధించిందో చెప్పడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

బస విషయానికి వస్తే, హోటళ్ల కన్నా ‘వ్రీండెన్ ఆప్ డె ఫీట్స్’ వెయ్యి రెట్లు మేలు. 1984లో మొదలైన ఈ సంస్థలో ఏటా కొద్దిపాటి రుసుముతో సభ్యులైతే, నడిచి లేదా సైకిలు మీద వచ్చేవాళ్లకు తమ ఇళ్లలో గది ఇచ్చే వేలాది చిరునామాలు దొరుకుతాయి. అందరూ ఒకే ధర తీసుకుంటారు, ఉదయం ఫలహారం అందులోనే. స్నానాలగది ఒక్కోచోట ఇంటివాళ్లతో పంచుకోవాలి, ముందుగా ఫోను చేయాలి. నేను దిగిన ఇంట్లో పెద్దాయన నా సైకిలును తన షెడ్డులోకి తీసుకెళ్లి, ఏమీ అడగకుండానే చైనుకు నూనె పెట్టారు. అంతకు ముందు దిగిన హోటల్లో అదే సైకిలు రాత్రంతా వానలో తడిసింది.

రైళ్లలో సైకిలుకు విడిగా టికెట్టు కొనాలి. జులై, ఆగస్టు తప్ప మిగతా నెలల్లో పనిదినాల రద్దీ వేళల్లో ఎక్కనివ్వరు. మడత సైకిలుకు ఈ బాధ లేదు. స్టేషన్లలో నీలం, పసుపు రంగుల్లో కనిపించే ఓవీ-ఫీట్స్ అద్దె సైకిళ్లు చవకే కానీ, ప్రధానంగా స్థానికుల కోసం ఉద్దేశించినవి, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. దారి వెతుక్కోవడం మాత్రం తేలిక: సైకిల్ దారుల కూడళ్లకు వేసిన నంబర్లు వరుసగా చీటీ మీద రాసుకుని హ్యాండిల్‌కు అతికించుకుంటే ఫోను తీయనవసరం లేదు. ఎదురుగాలికి మాత్రం మందు లేదు. రోజుకు అనుకున్న దూరంలో కొంత తగ్గించి పెట్టుకోండి.

వలస వచ్చిన మహిళలకు సైకిల్ నేర్పే స్వచ్ఛంద తరగతులు చాలా ఊళ్లలో ఉన్నాయి. అడిగితే చూడనిస్తారు. ఒక మైదానంలో నడివయసు మహిళ ఒకరు, సీటు పట్టుకున్న వాలంటీరు చేయి వదిలేసిందని తెలియకుండానే సగం చుట్టు తిరిగారు. తెలిశాక ఆపి, నవ్వి, మళ్లీ తొక్కారు. వృద్ధులను పక్కన కూర్చోబెట్టుకుని జంట సైకిలు తొక్కే ఫీట్స్‌మాట్యెస్ బృందాలదీ ఇలాంటి పనే. పిల్లలతో వెళ్లి వాళ్ల కోసం పాత సైకిలు కొన్నవాళ్లు తిరుగు ప్రయాణంలో దాన్ని అమ్ముకోవద్దు. ఏఎన్‌డబ్ల్యూబీ అనే ప్రయాణికుల సంఘం నడిపే పిల్లల సైకిళ్ల పథకానికి ఇస్తే బాగుచేయించి, కొనే స్తోమత లేని ఇంటి పిల్లలకు అందిస్తారు. సైకిలిస్టులకు దారి చూపే ఫీట్సర్స్‌బాండ్ ఆన్‌లైన్ రూట్ ప్లానర్‌ను నవీకరించేదీ వాలంటీర్లే. దారిలో ఎక్కడైనా మూసేసిన వంతెనో తప్పు మలుపో కనిపిస్తే వాళ్లకు తెలియజేయండి. ఐదు నిమిషాల పని. మీ వెనక వచ్చేవాళ్లకు చాలా దూరం కలిసొస్తుంది.