ముందు డెల్ షానన్‌ని వినాలా, జీన్ పిట్నీనా?

1960ల తొలినాళ్ల అమెరికన్ పాప్‌లోకి కొత్తగా అడుగుపెట్టేవారిని వెంటనే కట్టిపడేసేది షానన్. 1961లో అమెరికా పాటల ర్యాంకుల్లో మొదటి స్థానానికి చేరిన 'రనవే' పాటలో గొంతు ఉన్నట్టుండి పైస్థాయికి ఎగురుతుంది. నడుమ మ్యాక్స్ క్రుక్ వాయించిన మ్యూజిట్రాన్ అనే ఎలక్ట్రానిక్ కీబోర్డు ఈల వేసినట్టు మోగుతుంది. అంతటి విజయం ఆయనకు మళ్లీ దక్కలేదు.

నా ఓటు మాత్రం పిట్నీకే. గాయకుడిగానే కాదు, రచయితగానూ ఘనుడు. 1962 నవంబరులో ఆయన పాడిన 'ఓన్లీ లవ్ కెన్ బ్రేక్ ఎ హార్ట్' రెండో స్థానం దగ్గరే ఆగిపోయింది. పైన తిష్ఠ వేసుకుని కూర్చున్నది క్రిస్టల్స్ అనే అమ్మాయిల బృందం పేరుతో వచ్చిన 'హీ ఈజ్ ఎ రెబెల్'. తీరా చూస్తే అదీ ఆయన రాసిన పాటే! స్వదేశంలో జోరు తగ్గినా బ్రిటన్ ఆయనను వదల్లేదు: 1989లో బ్రిటిష్ గాయకుడు మార్క్ ఆమండ్‌తో కలిసి పాడిన పాట అక్కడ అగ్రస్థానానికి చేరింది.