టిప్పర్ వెనక హబ్ బేరింగులు: ఆరేళ్ల వాడకం తర్వాత

నా పది టైర్ల టిప్పర్ 2019 దసరాకు కొన్నాను. వెనక రెండు యాక్సిళ్లూ లాగేవే. అంటే నాలుగు హబ్బులు (చక్రం నడిమి భాగాలు), ఒక్కో హబ్బులో లోపలొకటి, బయటొకటి, మొత్తం ఎనిమిది బేరింగులు. భూపాలపల్లి బొగ్గు, గోదావరి ఇసుక, క్రషర్ కంకర, ఈ మూడే నా లోడ్లు. వరంగల్, పరకాల, ములుగు, కాటారం, ఇవే నా దారులు. మీటరు మూడు లక్షల పదివేల కిలోమీటర్లు దాటింది. ఆ ఎనిమిదింట్లో ఆరు బేరింగులు మార్చాను. రెండు మాత్రం బండితో వచ్చినవే ఇంకా తిరుగుతున్నాయి. అన్నీ ఒకే రోజు ఎక్కినవి, ఒకే బరువు మోసినవి. ఆరు ఎందుకు పోయినయో, రెండు ఎందుకు మిగిలినయో తెలుసుకోవడానికి నాకు చాలా డబ్బు ఖర్చయింది. లారీ ఉన్నవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

కొత్తగా బండి కొన్నవాళ్ల కోసం ముందు ఒక మాట. మన పెద్ద బండ్లలో యాక్సిల్ షాఫ్టు పని చక్రాన్ని తిప్పడమే. బరువు మోసేది షాఫ్టు చుట్టూ ఉండే గొట్టం, అంటే హౌసింగు, దాని మొన మీద కూర్చున్న ఈ రెండు టేపర్ రోలర్ బేరింగులు. షాఫ్టు బోల్టులు విప్పి బయటికి లాగేసినా బండి చక్రాల మీద నిలబడే ఉంటుంది. 2018లో కేంద్రం రెండు యాక్సిళ్ల జతకు పరిమితిని 19 టన్నుల నుంచి 21 టన్నులకు పెంచింది. పెరిగిన ఆ రెండు టన్నులూ ఈ రోలర్ల మీదే పడతాయి. రోలర్లు ఏటవాలుగా ఎందుకుంటాయంటే, మలుపులో చక్రాన్ని పక్కకు తోసే బలాన్ని కూడా అవి ఆపాలి. 1898లో దీనికి పేటెంటు తీసుకున్న హెన్రీ టిమ్‌కెన్ గుర్రపు బండ్లు తయారుచేసేవాడు. ఆ బండ్ల చక్రాలకూ ఇదే తిప్పలు.

2021 ఎండాకాలంలో మొదటి దెబ్బ తగిలింది. బ్రేక్ లైనర్లు అరిగితే ఒక షెడ్డులో మార్పించాను. హబ్బు తిరిగి ఎక్కించేటప్పుడు అక్కడి పిల్లగాడు పానాకు పైపు తొడిగి, ఒళ్లంతా వేసి నట్టు బిగించాడు. గట్టిగా ఉంటే అంత భద్రం అని నేనూ అనుకున్నాను. వారం తిరగకముందే బొగ్గు లోడుతో వస్తుంటే రేగొండ దాటాక అద్దంలో పొగ కనబడింది. దిగి చూస్తే, వెనక రెండు యాక్సిళ్లలో ముందున్న దాని (ఇకపై ముందు యాక్సిల్ అంటాను) కుడి హబ్బు దగ్గరికి కూడా పోలేనంత వేడి. గ్రీజు కరిగి డ్రమ్ములోకి కారి మాడుతోంది. ఇంకో పది కిలోమీటర్లు నడిపి ఉంటే చక్రం ఊడి ఎవరి మీద పడేదో. తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడమంటుంది.

వరంగల్‌లో నాకు తెలిసిన ముసలి మేస్త్రీ ఒకాయన ఉన్నాడు, అందరం చిచ్చా అంటాం. విప్పి కోను, అంటే రోలర్లున్న లోపలి రింగు, నా చేతిలో పెట్టాడు. రోలర్లు నెమలికంఠం రంగుకు తిరిగి ఉన్నాయి.

"చూసినవా బిడ్డా, నీలం తిరిగింది. గ్రీజు తక్కువై కాలే, నట్టు గట్టిగై కాలింది. ఇనుము వేడికి పెరుగుతది గదా. అది పెరగనీకి జాగ ఏది?"

అప్పటి నుంచి నట్టు బిగించేటప్పుడు నేను పక్కనే నిలబడతాను. చిచ్చా పద్ధతి ఇదీ. ముందు హబ్బును చేత్తో తిప్పుతూ నట్టు గట్టిగా బిగిస్తాడు. తిప్పకుండా బిగిస్తే రోలర్లు కప్పులో, అంటే అవి దొర్లే బయటి రింగులో, సరిగా కూర్చోవు, వంకరగా నిలబడతాయి. హబ్బు బరువుగా తిరిగేదాకా బిగించి, పూర్తిగా వదులు చేస్తాడు. మళ్లీ తిప్పుతూ మెల్లగా బిగించి, అక్కడి నుంచి కొంచెం వెనక్కి వదులుతాడు. లాక్ వాషరు వేసి, ఆ నట్టు కదలకుండా పైన చెక్‌నట్ అనే రెండో నట్టు బిగిస్తాడు. చెక్‌నట్ బిగిస్తే లోపలి నట్టు ఇంకాస్త లోపలికి జరుగుతుంది కాబట్టి, అది బిగించాక మళ్లీ చూస్తాడు. చాలామంది వదిలేసేది ఈ చివరి పనే.

చేతి అంచనా చిచ్చాకు సరిపోతుంది, నాకు సరిపోదు. అందుకే ఒక డయల్ గేజ్ కొన్నాను. అయస్కాంతం కాలు హబ్బుకు అంటించి, సూది మొన హౌసింగు మొనకు ఆనించి, హబ్బును అటూ ఇటూ తిప్పుతూ లోపలికి తోసి బయటికి లాగితే ఎంత ఆట (వదులు) ఉందో ముల్లు చూపిస్తుంది. 0.025 నుంచి 0.125 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. తల వెంట్రుక మందం కంటే పెద్ద తేడా లేని లెక్క ఇది, కంటికి దొరకదు. మొదటిసారి పెట్టి చూస్తే చిచ్చా చేతి బిగింపు 0.08 వచ్చింది. నలభై ఏళ్ల చెయ్యి మరి. ఆయన లేనప్పుడు నాకు గేజే దిక్కు. బండి ఉన్న ప్రతి ఒక్కరూ కొనాల్సిన పనిముట్టు ఇదని గట్టిగా చెబుతాను. ఒక్క బేరింగు పోతే అయ్యే ఖర్చుతో పోలిస్తే దాని ధర లెక్కలోకి రాదు.

ఆ కాలిపోయిన హబ్బులోకి టిమ్‌కెన్ సెట్టు వేయించాను. అప్పటి నుంచి రెండు లక్షల కిలోమీటర్లకు పైనే నడిచింది, చప్పుడు లేదు, వేడి లేదు. నాకు పూర్తి తృప్తి. సెట్టు అన్నది మాత్రం గుర్తుంచుకోండి. కోను, కప్పు కలిపే మార్చాలి. పాత కప్పులో కొత్త కోను వేస్తే పాత అరుగుదల కొత్త రోలర్లను తినేస్తుంది. కోను ముఖం మీద చెక్కిన నంబరు రాసుకొని షాపుకు పోండి. ఉదాహరణకు 32218 అని ఉంటే చివరి రెండంకెలను అయిదుతో గుణించాలి, లోపలి రంధ్రం 90 మిల్లీమీటర్లు అన్నట్టు. ఈ లెక్క తెలిస్తే కౌంటర్ దగ్గర ఎవరూ తికమక పెట్టలేరు. నకిలీలతో జాగ్రత్త. అంతకుముందు ఒక షాపులో డబ్బా, స్టిక్కరు అన్నీ అసలు లాగే ఉన్న బేరింగు అంటగట్టారు. నంబరు లేజరుతో చెక్కినట్టు కాక, ముద్ర కొట్టినట్టు చెదిరి ఉంది. చిచ్చా చూసి తిప్పి పంపాడు కాబట్టి బయటపడ్డాను. ఎస్‌కేఎఫ్ కొనేవాళ్లయితే ఆ కంపెనీకి ఆథెంటికేట్ అని ఒక ఫోన్ యాప్ ఉంది, ఫొటోలు తీసి పంపితే అసలో కాదో పరిశీలించి చెబుతారు.

కప్పును హబ్బులోకి దించేటప్పుడు ఇత్తడి రాడ్డుతో చుట్టూ మార్చి మార్చి కొట్టాలి. దిగుతున్నంతసేపు చప్పుడు గంటలా మోగుతుంది. అడుగుకు ఆనగానే మొద్దుగా, బరువుగా మారుతుంది. చిచ్చా కళ్లు మూసుకొని కొడతాడు, వినడానికి. చప్పుడు మారాక 0.05 మిల్లీమీటర్ల మందమున్న ఫీలర్ గేజ్ రేకును కప్పు వెనక దూర్చి చూస్తాడు, దూరకూడదు.

గ్రీజు సంగతి. లిథియం ఈపీ (ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే) గ్రీజే వాడుతున్నాను, నేను వాడే కంపెనీ సర్వో. పాతకాలం కాల్షియం గ్రీజు చవకే గాని వంద డిగ్రీల దగ్గరే కరిగి కారిపోతుంది. లిథియం గ్రీజు 180 డిగ్రీల పైన గాని చుక్క కట్టదు. రంగు చూసి గ్రీజు కొనొద్దు, ఎరుపైనా నీలమైనా అది కలిపిన రంగే. రకం తెలియని పాత గ్రీజు మీద కొత్తది కూరొద్దు. రెండు రకాలు కలిస్తే పల్చబడి నీళ్లలా జారిపోయేవి ఉన్నాయి. డీజిల్‌తో పూర్తిగా కడిగి, ఆరబెట్టి, అప్పుడు పెట్టాలి. గాలి గొట్టంతో రోలర్లను గిర్రున తిప్పే సరదా ఒకటి ఉంటుంది మన పిల్లలకు. దయచేసి తిప్పనివ్వకండి. గ్రీజు లేని రోలర్లు గీసుకుపోతాయి, రోలర్లను పట్టి ఉంచే కేజ్ పగిలితే రోలరు ఎగిరి కంట్లో పడుతుంది. చిచ్చా గ్రీజు పెట్టడం చూడాలి. ఎడమ అరచేతిలో ముద్ద పెట్టుకొని, కోను వెడల్పు వైపు అంచుతో ఆ ముద్దను గీరి గీరి నొక్కుతాడు. రోలర్ల సందుల్లోంచి సన్నపు వైపున పురుగుల్లా బయటికి వచ్చేదాకా ఒక్కో సందు తిప్పుతాడు. ఒక్క కోనుకు అయిదు నిమిషాలు. పైపైన పూసి ఎక్కించేవాళ్లకు అర నిమిషం పడుతుంది. హబ్బు లోపల గోడకు కూడా పట్టించాలి గాని నిండా కూరొద్దు, వేడెక్కితే గ్రీజును లోపల ఆపే రబ్బరు సీలును తోసుకొని బ్రేక్ లైనర్ల మీద పడుతుంది.

ఇక 2023 జులై 27. ఆ రోజు మన జిల్లాల్లో మర్చిపోయినవాళ్లు ఉండరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. మొరంచ వాగు ఊరి మీదికి వచ్చి మొరంచపల్లి మునిగిపోయింది, మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నేను ఆ దారిలోనే కొంచెం ఎత్తున బండి ఆపి ప్రాణం దక్కించుకున్నాను. బండి మాత్రం హబ్బులు మునిగేంత నీళ్లలో రాత్రంతా, మర్నాడు సగం పొద్దుదాకా నిలబడింది. ఆ కష్టంలో బేరింగుల గురించి మాట్లాడటం చిన్న విషయమే, కానీ బండే మా ఇంటి బువ్వ.

మూడో రోజు ముందు యాక్సిల్ హబ్బులు రెండూ విప్పించాను. గ్రీజు తెల్లగా, చిలికిన మజ్జిగ మీద తేలిన వెన్నలా ఉంది. కడిగి చూస్తే లోహానికి ఏమీ కాలేదు. కొత్త గ్రీజు, కొత్త సీళ్లు వేసి ఎక్కించాం. వెనక యాక్సిల్‌కు చేతిలో డబ్బుల్లేక, కిస్తీ దగ్గర పడి, నెల ఆగాను. నెల తర్వాత విప్పితే కప్పుల్లో నల్లటి అడ్డగీతలు, రోలరుకూ రోలరుకూ మధ్య ఎంత దూరమో గీతల మధ్య అంతే దూరం. నిలిచి ఉన్న బండిలో ఒక్కో రోలరు కింద నీటి తడి పట్టి లోహాన్ని తిన్నది. ఒక కప్పులో అప్పటికే అమ్మవారి మచ్చల్లా గుంతలు మొదలైనయి. నాలుగు బేరింగులూ మార్చాల్సి వచ్చింది. ముందు యాక్సిల్‌వి ఒక్కటీ పోలేదు. నా ఆరేళ్ల వాడకంలో ఇంతకంటే స్పష్టమైన పాఠం లేదు. బండి హబ్బుదాకా మునిగితే వారంలోపు విప్పండి, అప్పు చేసైనా సరే.

మునగక్కర్లేదు కూడా. కటాక్షపూర్ చెరువు మత్తడి రోడ్డు మీద పారుతున్నప్పుడు ఎన్నోసార్లు దాటాం. లోడుతో వచ్చిన హబ్బు వేడిగా ఉంటుంది. చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకొని, సీలు పెదవి సందులోంచి నీళ్లను లోపలికి గుంజుతుంది. వేడి బండిని వాగులోకి దింపి కడిగినా ఇదే జరుగుతుంది. నేను ఇప్పుడు గంట ఆగి కడుగుతాను.

సీలు గురించి మాత్రం బతిమాలి చెబుతున్నా. హబ్బు విప్పిన ప్రతిసారీ సీలు కొత్తదే వేయండి. సీలు ఆనే రింగు మీద గోరు పెట్టి గీయండి, గాడి తగిలితే రింగు కూడా మార్చండి. గాడి పడిన రింగు మీద ఎంత మంచి సీలైనా కారుతుంది. సీళ్లు మాటిమాటికీ కారుతుంటే హౌసింగు మీది బ్రీదరు, అంటే లోపలి గాలి బయటికి పోయే చిన్న దారి, చూడండి. బొగ్గు దుమ్ముతో మూసుకుపోతే లోపలి ఆవిరికి దారి లేక, యాక్సిల్ గేర్లలో ఉండే క్రౌన్ ఆయిల్ సీళ్లను తోసుకొని హబ్బులోకి వచ్చి గ్రీజును కడిగేస్తుంది. నాకు ఒకసారి అలాగే అయింది, బ్రీదరు తీసి డీజిల్‌లో కడిగితే కారడం ఆగింది. ఇంకొకటి: టిప్పర్ బాడీకి వెల్డింగు చేయించేటప్పుడు ఎర్త్ క్లాంపు వెల్డింగు పక్కనే పెట్టించండి. దూరంగా చక్రానికి తగిలిస్తే కరెంటు బేరింగు గుండా పారి రోలర్లకు చుక్కలు పడతాయి.

ఇప్పుడు నేను చేసేది: నలభై వేల కిలోమీటర్లకోసారి, అది కాక వానాకాలం అయిపోగానే ఒకసారి విప్పడం. లోడు దింపిన చోటల్లా హబ్బులకు టెంపరేచర్ గన్ పెట్టి నాలుగు అంకెలు నోట్‌బుక్కులో రాస్తాను. నాలుగూ దగ్గర దగ్గర ఉంటే నిశ్చింత. ఒకటి మిగతావాటికంటే ఇరవై ముప్పై డిగ్రీలు ఎక్కువ చూపితే బ్రేకు పట్టిందో, బేరింగో చూసేదాకా కదలను. సీల్ వేసి ఒకే ముక్కగా వచ్చే హబ్ యూనిట్లున్న కొత్త బండ్లకు ఈ విప్పడాలేవీ వర్తించవు, వాటిని తెరవకూడదు. మీ బండి పుస్తకంలో ఏముందో అదే చేయండి.

మిగిలిన ఆ రెండు పాత బేరింగులు ముందు యాక్సిల్ ఎడమ హబ్బువి. పైపు బిగింపు వాటికి తగల్లేదు, వరద నీళ్లు మూడు రోజులకు మించి వాటి పక్కన నిలవలేదు. మొన్న దసరాకు ముందు విప్పినప్పుడు కప్పులు అద్దంలా ఉన్నాయి. చిచ్చా వేలితో చుట్టూ తడిమి, ఏమీ అనకుండా గ్రీజు డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. కొత్త సీలు వేసి అవే కోన్లు మళ్లీ ఎక్కించాం. గేజ్ 0.07 చూపించింది.