కొలత కప్పుల సెట్ కొంటున్నారా? వాడకముందే నీళ్లు పోసి తూచి చూడండి

ఆన్‌లైన్‌లో కొలత కప్పులు కొనేవాళ్లు జాగ్రత్త. నేను కొన్నది నాలుగు స్టీలు కప్పుల సెట్. పెద్దదాని పిడి మీద '1 కప్పు 250 మి.లీ.' అని చెక్కి ఉంది. డబ్బాలో మిల్లీలీటర్లను కప్పుల్లోకి మార్చుకునే పట్టిక కూడా పెట్టారు. ఇక లెక్కల గొడవ తప్పిందని సంబరపడ్డాను.

కేకులోకి 500 మి.లీ. పాలు కావాలంటే రెండు కప్పులు పోసేదాన్ని. పిండి గట్టిగా వచ్చేది. మూడుసార్లు అలాగే అయింది. నాకే చేతకావట్లేదేమో అనుకున్నాను, కప్పు మీద అనుమానం ఎవరికి వస్తుంది చెప్పండి! చివరికి కిచెన్ స్కేలు మీద ఖాళీ కప్పు పెట్టి, సున్నాకి తెచ్చి, నీళ్లు పోశాను. ఒక మిల్లీలీటరు నీళ్ల బరువు దాదాపు ఒక గ్రాము కాబట్టి 250 దాకా పట్టాలి. 228కే అంచు దాటి పొర్లాయి. అంటే రెండు కప్పులకి 44 మి.లీ. తక్కువ, దాదాపు మూడు టేబుల్ స్పూన్లు. తమాషా ఏమిటంటే పావు కప్పు మాత్రం 62 గ్రాములు పట్టింది, అది సరిగ్గానే ఉంది. నాలుగు పావులు పోస్తే ఒక కప్పులో పట్టని సెట్ అన్నమాట.

తర్వాత ఆ పట్టిక తీసి చూశాను. కప్పు అంటే 240 అట, అర కప్పు 125 అట, లీటరుకి నాలుగు కప్పులట! ఒక్కో అంకె ఒక్కో చోట నుంచి ఏరుకొచ్చినట్టుంది. అమెరికా వంటల్లో కప్పు 236.6 మి.లీ., అక్కడి ఆహార పొట్లాల లేబుళ్ల మీద 240. ఆస్ట్రేలియాలో 250. జపాన్‌లో 200, రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180. పాత బ్రిటిష్ కప్పయితే 284. లీటరుకి నాలుగు కప్పులన్నది 250 లెక్కలోనే కుదురుతుంది, అమెరికా కప్పుతో నాలుగుంపావు దాకా వస్తుంది. స్పూన్లదీ ఇదే గోల. టేబుల్ స్పూన్ చాలాచోట్ల 15 మి.లీ., ఆస్ట్రేలియాలో 20.

అమ్మినవాళ్లకి స్కేలు ఫోటోలతో సహా రాశాను. "చిన్న చిన్న తేడాలు మామూలే, వాడిన సరుకు వెనక్కి తీసుకోం" అన్నారు. నూటికి తొమ్మిది తగ్గడం చిన్న తేడానా?

ఇప్పుడు పాలూ నీళ్లూ మిల్లీలీటర్ల గీతలున్న గాజు జగ్గుతోనే కొలుస్తున్నాను. దాన్ని చదునైన చోట పెట్టి, వంగి, కంటికి ఎదురుగా గీతను చూడాలి. పైనుంచి చూస్తే లెక్క తప్పుతుంది. కప్పులే కావాలనుకుంటే పిడి మీద మి.లీ. అంకె లేనివి అసలు కొనకండి. ఉన్నా సరే, వచ్చిన రోజే అన్ని కప్పుల్నీ తూచండి. అప్పటిదాకా డబ్బా పారేయకండి.