ట్రెడ్‌మిల్లా, సైకిలా, డంబెల్సా? కొనేముందు సాకులు లెక్కపెట్టండి

మా బావమరిది కూకట్‌పల్లిలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాడు. వయసు 38. షుగర్ బోర్డర్‌లో ఉందని ఈమధ్యే రిపోర్టు వచ్చింది. "బావా, 40 వేలు పక్కన పెట్టాను. ట్రెడ్‌మిల్ తీసుకోనా, సైకిల్ తీసుకోనా? ఆఫీసులో అందరూ డంబెల్స్ చాలంటున్నారు" అని ఫోన్ చేశాడు. ఖాళీగా ఉన్న గది పది అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు. వాడుకునేది ముగ్గురు: వాడు, వాళ్లావిడ, 64 ఏళ్ల మా అత్తగారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు.

నన్నే అడగడానికి కారణం ఉంది. 2020 లాక్‌డౌన్‌లో ట్రెడ్‌మిల్ కొని చేతులు కాల్చుకున్నవాణ్ణి. మొదటి నెల రోజూ నడిచాను. తర్వాత కింది పోర్షన్ వాళ్లు తెల్లారేసరికి దడదడ మొదలవుతోందన్నారు, పొద్దున నడవడం ఆగింది. రాత్రి భోజనమయ్యాక ఎక్కబుద్ధి కాలేదు. ఎనిమిదో నెలలో బెల్టు ఒక పక్కకి జరిగి ఇరుక్కుంది. సర్వీసు మనిషి రావడానికి మూడు వారాలు పట్టింది. ఆయన వచ్చేసరికి మిషన్ బాగైంది గానీ నా అలవాటు పోయింది. చివరికి కొన్న ధరలో మూడో వంతుకి వదిలించుకున్నాను. అప్పట్నుంచీ ఎవరడిగినా ఏ మిషన్ ఎన్ని క్యాలరీలు కరిగిస్తుందో చెప్పను, ఏది ఎన్ని సాకులు చేతికిస్తుందో చెప్తాను.

ముందు వాడి ప్రశ్నలోనే ఒక చిక్కు ఉంది. మూడింటినీ ఒకే గాటన కట్టాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ కావాలి. అది కాక వారంలో కనీసం రెండు రోజులు కండరాలకి పని పడాలి. ట్రెడ్‌మిల్, సైకిల్ మొదటి అవసరానికి. డంబెల్స్, సాగదీసి లాగే వ్యాయామపు రబ్బరు బ్యాండ్లు రెండోదానికి. కాబట్టి అసలు పోటీ ట్రెడ్‌మిల్‌కీ సైకిల్‌కీ మధ్యే. డంబెల్స్ ఎలాగూ ఉండాల్సిందే.

ట్రెడ్‌మిల్

ఇది పుట్టింది జైల్లో. 1818లో విలియం క్యూబిట్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు ఖైదీల చేత తొక్కించడానికి తయారుచేశాడు. అప్పుడది శిక్ష, ఇప్పుడు ఈఎంఐ.

హాస్యం అలా ఉంచితే, నడకని మించి అందరికీ వచ్చిన వ్యాయామం లేదు. నేర్పక్కర్లేదు. ఎముకల మీద బరువు పడుతుంది, అది మంచిదే. బయట నడవొచ్చు కదా అని తేలిగ్గా అనేస్తాం. కేబీఆర్ పార్కు పక్కన ఇల్లుంటే సరే. మా వాడి వీధిలో ఫుట్‌పాత్ మీద బళ్లు, మలుపు తిరిగితే కుక్కలు, మే నెలలో పొద్దున ఏడింటికే ఎండ. రాత్రి తొమ్మిదికి ఆఫీసు నుంచి వచ్చిన ఆడమనిషి ఎక్కడ నడుస్తుంది? ఆమెకి ట్రెడ్‌మిల్ నిజంగా పనికొచ్చే వస్తువే.

అయితే గది కొలవాలి. మిషన్ పొడవే అయిదున్నర అడుగులు. జారిపడితే వెనక్కి విసిరేస్తుంది కాబట్టి వెనక ఆరడుగులు ఖాళీ ఉండాలి. పదడుగుల గదిలో అది కుదరదు. చాలా ఇళ్లలో గోడకి వీపు పెట్టి ఇరికిస్తారు. పడ్డ మనిషి గోడకీ తిరిగే బెల్టుకీ మధ్య నలిగిపోతాడు. పైన లాఫ్ట్ ఉంటే ఇంకో తంటా: బెల్టే నేల నుంచి అర అడుగు ఎత్తులో ఉంటుంది, అయిదడుగుల పది అంగుళాల మనిషి దాని మీద పరిగెత్తితే తల ఎక్కడిదాకా వెళ్తుందో టేపుతో చూసుకోవాలి.

"స్లాబు ఆగుతుందా?" అని వాళ్లావిడ భయం. నివాస గదుల స్లాబుని చదరపు మీటరుకి సుమారు 200 కిలోల బరువుకి లెక్కేసి కడతారు. 70 కిలోల మిషన్, దానిమీద 85 కిలోల మనిషి, ఆ చోటు మీద పరిస్తే చదరపు మీటరుకి 120 కిలోల చుట్టూ వస్తుంది. స్లాబు ఆగుతుంది, ఆగనిది కింది ఇంటివాళ్ల ఓపిక. మందపాటి రబ్బరు మ్యాట్ వేస్తే దడ తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

కొనాలనే నిశ్చయిస్తే రెండు విషయాలు. డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే హార్స్‌పవర్ చాలాసార్లు 'పీక్', అంటే మోటారు ఒక్క క్షణం ఇవ్వగలిగేది. మనక్కావాల్సింది ఆగకుండా ఇచ్చే 'కంటిన్యుయస్' అంకె. అది చెప్పకపోతే అనుమానించాల్సిందే. రెండోది కరెంటు: 16 ఆంపియర్ల ప్లగ్గు విడిగా ఉండాలి, ఇళ్లలో వాడే మామూలు ఇన్వర్టర్ మీద నడుస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఆపైన బెల్టు కింద సిలికాన్ ఆయిల్ రాస్తూ ఉండాలి. వంటింట్లో నూనె కాదు, నవ్వకండి, రాసినవాళ్లని చూశాను.

సాకులు లెక్కపెడితే: కరెంటు లేదు, కింది ఇంటివాళ్లు, సర్వీసు రాలేదు, గదిలో ఉక్క. నాలుగు. మొదటి మూడూ మన చేతిలో లేనివి.

సైకిల్

మ్యాగ్నెటిక్ రకం సైకిల్ మూడున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు చోటులో సర్దుకుంటుంది. అయస్కాంతాన్ని ఫ్లైవీల్‌కి, అంటే పెడల్‌తో తిరిగే బరువైన చక్రానికి, దగ్గరగా జరిపితే తొక్కడం బరువెక్కుతుంది, దూరం జరిపితే తేలికవుతుంది. ఏదీ దేన్నీ రాసుకోదు, అందుకే చప్పుడుండదు, అరుగుదలా ఉండదు. చవక రకాల్లో ఫెల్ట్ అనే మందపాటి గుడ్డ ముక్క చక్రాన్ని ఒరుసుకుంటుంది. కొన్నాళ్లకి అరుగుతుంది, కాస్త వాసన కూడా వస్తుంది. మామూలు మ్యాగ్నెటిక్ వాటిలో తెరకి రెండు పెన్సిల్ సెల్స్ చాలు. కరెంటుతో పనే లేదు.

మా అత్తగారి మోకాళ్లకి ఇది మేలు, ఎందుకంటే ఒంటి బరువు సీటు మోస్తుంది. సీటు ఎత్తు సరిగ్గా ఉంటేనే సుమా. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు చాపినట్టు రావాలి. తర్వాత ముంగాలితో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు మరీ కిందికుంటే ఉన్న నొప్పి పెరుగుతుంది, తప్పు సైకిల్ మీదకి పోతుంది. మోకాలికి ఆపరేషన్ అయినా, గుండె జబ్బు ఉన్నా డాక్టర్ని ఒకమాట అడిగి మొదలుపెట్టాలి.

జిముల్లో వేగంగా తొక్కే స్పిన్ బైక్ జోలికి మాత్రం వెళ్లొద్దన్నాను. వాటిలో చాలావాటికి కాళ్లు ఆపినా పెడల్ ఆగదు, బరువైన ఫ్లైవీల్ తిప్పుతూనే ఉంటుంది. ఇంట్లో పిల్లలు, చీర కుచ్చిళ్లు, చున్నీలు ఉంటాయి. చేతులు కూడా ముందుకీ వెనక్కీ ఆడించే ఎయిర్ బైకులు తక్కువ ధరకే వస్తున్నాయి గానీ, వేగం పెంచితే చవక రకాలు ఊగిపోతాయి.

సైకిల్ లోపాలు దాచిపెట్టను. మొదటి పది రోజులు పిరుదులు నొప్పెడతాయి. ఎముకలకి నడక ఇచ్చే మేలు ఇది ఇవ్వదు. పైగా విసుగు. ఎదురుగా ఏమీ లేకుండా ఇరవై నిమిషాలు తొక్కడం నా వల్ల కాదు. అందుకే దాన్ని ఆ ఖాళీ గదిలో పెట్టొద్దు, హాల్లో టీవీ ముందు పెట్టమన్నాను. సాకులు రెండే, నొప్పి, విసుగు. రెంటికీ మందు ఇంట్లోనే ఉంది.

ఇనుము, రబ్బరు

బోర్డర్‌లో షుగర్ ఉన్నవాడికి డంబెల్స్ ఎందుకంటే, పని చేసే కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలో చక్కెరని లాక్కుంటుంది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం లెక్కలో మన దేశంలో మా వాడిలాగా బోర్డర్‌లో ఉన్నవాళ్లు 13.6 కోట్ల మంది. వీళ్లలో ఎంతమందిని అడిగినా "నడుస్తున్నానండీ" అనే అంటారు. కండరాల సంగతి ఎవరూ ఎత్తరు.

ప్లేట్లు మార్చుకునే డంబెల్స్ మేలు. వీటిలో ప్లాస్టిక్ తొడుగులో ఇసుకో సిమెంటో నింపినవి చవకే గానీ లావుగా ఉంటాయి. పది కిలోలు దాటితే చేతికీ తొడకీ అడ్డం పడతాయి, కింద పడితే పగులుతాయి. పోత ఇనుము కిలో లెక్కన దొరుకుతుంది, చెడిపోదు. మిషన్లు సెకండ్ హ్యాండ్‌లో వద్దంటాను గానీ ఇనుము నిరభ్యంతరంగా కొనొచ్చు. తుప్పు ఉంటే గీకి రంగేసుకోవచ్చు. రాడ్డు మందం, ప్లేటు చిల్లు కలిసేలా చూసుకోవాలి: మామూలు రాడ్లు 25 నుంచి 30 మిల్లీమీటర్లు, ఒలింపిక్ రాడ్డు కొసలు 50. తేడా తెలియక కొంటే ప్లేటు గాజులా ఊగుతుంది.

వాళ్లావిడ, "బరువులెత్తితే మగాడిలా అయిపోతానేమో" అంది. మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తులూ కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. దాని వెనక ఏళ్ల తరబడి సాధన ఉంది. అయిదు కిలోల డంబెల్ వారానికి రెండుసార్లు ఎత్తితే వచ్చేది గ్యాస్ సిలిండర్ జరపగలిగే బలం, అంతే.

బ్యాండ్లు వెయ్యి రూపాయల లోపే. అత్తగారు కుర్చీలో కూర్చునే చేసుకోవచ్చు. రబ్బరు కాబట్టి ఎండ పడకూడదు, బాల్కనీలో ఆరేస్తే పగుళ్లొచ్చి ఓ రోజు ముఖం మీద తెగుతుంది. తలుపుకి బిగించి లాగేటప్పుడు తలుపు తెరుచుకునే వైపు నిలబడొద్దు. మనం లాగేకొద్దీ అది మూసుకోవాలి.

వేలాడి ఒంటిని పైకి లాక్కునే పుల్ అప్ బార్ గురించి కూడా అడిగాడు. ఆన్‌లైన్‌లో కనిపించే కొక్కెం రకం, తలుపు చుట్టూ చెక్క పట్టీ పొడుచుకొచ్చే విదేశీ ఇళ్లకి. మన గుమ్మాలు చాలావరకు గోడతో సమంగా ఉంటాయి, అది పట్టుకోదు. గోడకి బోల్టులు వెయ్యాలన్నా కొత్త అపార్ట్‌మెంట్లలో తేలిక బ్లాకులే ఎక్కువ. మామూలు బోల్టు ఊడొస్తుంది. కాంక్రీటు బీమ్ దొరికితేనే బిగించాలి, అద్దె ఇల్లయితే ఓనర్ని అడిగాకే. గది మూలంతా ఆక్రమించే మల్టీ జిమ్ స్టేషన్లంటారా, ఇల్లు మారే రోజున విప్పేవాడు దొరకడు. పొట్ట తగ్గించే ట్విస్టర్లు, వైబ్రేషన్ బెల్టుల మీద ఒక్క వాక్యం కూడా దండగ.

చివరికి వాడు తీసుకున్నది మ్యాగ్నెటిక్ సైకిల్, పాత సామాన్లలో 30 కిలోల ఇనుము, రెండు డంబెల్ రాడ్లు, మూడు బ్యాండ్లు, ఒక రబ్బరు మ్యాట్. 40 వేలలో సగం కూడా కాలేదు. ఒళ్లు నొప్పులు లేని 30 ఏళ్ల వాడు, సొంత ఇల్లు, కింది అంతస్తు, పన్నెండడుగుల గది, పరుగంటే ఇష్టం అనుంటే ట్రెడ్‌మిల్లే కొనమనేవాణ్ణి.

మొన్న వెళ్లినప్పుడు చూశాను. సైకిల్ హాల్లోనే ఉంది. సీటు గొట్టం మీద గోళ్ల రంగుతో మూడు గీతలు గీశారు: కిందిది అత్తగారిది, మధ్యది వాళ్లావిడది, పైది వాడిది. సీటు కింది గీత దగ్గరుంది.