తలనొప్పి లెక్కల పుస్తకం: నాలుగేళ్ళ వాడకం తర్వాత

నాలుగేళ్ళ కిందట జూన్‌లో, బడులు తెరిచిన వారం, నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర పిల్లల పుస్తకాలతోపాటు నా కోసం కూడా 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొన్నాను. గట్టి అట్ట, గీతల కాగితం, ధర వంద రూపాయల లోపే. పెద్దవాళ్ళు పార్శ్వపు నొప్పి అనే మైగ్రేన్‌కు నేను ఇన్నేళ్ళలో వాడిన బామ్‌లు, నల్లద్దాలు, ఐస్ ప్యాకులు, ఫోన్ యాప్‌లు అన్నింటికంటే ఎక్కువగా అక్కరకొచ్చింది ఈ నోట్‌బుక్కే. అయితే అది పనికొచ్చింది నేను ఆశించిన పనికి కాదు. అందుకే దాని మంచిచెడ్డలు రెండూ వివరంగా రాస్తున్నాను.

ముందుగా నా ఆరోగ్యం గురించి కొంత చెప్పాలి. నేను కనగల్ మండలంలోని ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను, రోజూ నల్లగొండ నుంచి బస్సులో వెళ్ళి వస్తాను. థైరాయిడ్ గ్రంథి మందకొడిగా పనిచేసే జబ్బు పన్నెండేళ్ళుగా ఉంది. మైగ్రేన్ అంతకన్నా పాతది, డిగ్రీ రోజుల్లో హైదరాబాదులో హాస్టల్లో ఉన్నప్పుడు మొదలైంది. ఈ రెండూ ఒకదాని దినచర్యలో మరొకటి వేలు పెడతాయి. థైరాయిడ్ గోలీ పరగడుపున వేసుకోవాలి, ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట వరకు టీ తాగకూడదు. టీ అలవాటైన మనిషికి అది ఆలస్యమైతే తలనొప్పి మొదలవుతుంది. అందుకని నేను ఆదివారమైనా, పండుగైనా ఐదింటికే లేచి గోలీ వేసుకుని, ఆరింటికి టీ తాగుతాను. కాల్షియం గోలీకి థైరాయిడ్ గోలీకి నాలుగు గంటల ఎడం ఉండాలి కాబట్టి దానిని మధ్యాహ్నం అన్నం తిన్న తర్వాత వేసుకుంటాను. సెలవు రోజున రెండు గంటలు ఎక్కువ నిద్రపోవడం నా తలకు పడదని కూడా పుస్తకమే చూపించింది. అంతకుముందు ఆదివారపు నొప్పిని వారమంతా పడ్డ అలసట అనుకునేదాన్ని.

మొదట నేను చేసిన పొరపాటు రోజుకొక పేజీ కేటాయించడం. తిన్నవి, తాగినవి, నిద్ర, ఎండ, బస్సులో నిలబడ్డానా కూర్చున్నానా, ఇంట్లో మాటా మాటా వచ్చిందా, ఇలా పదకొండు అంశాలు రాసేదాన్ని. ఏడు నెలల్లో పుస్తకం నిండిపోయింది. ఏ పదార్థం వల్ల నొప్పి వస్తుందో కనిపెడితే, దానిని మానేస్తే జబ్బు పోతుందన్నది నా ఆశ. నెలలు గడిచేకొద్దీ అనుమానితుల జాబితా పెరిగిందే తప్ప దొంగ దొరకలేదు. మిరపకాయ బజ్జీలు, చాక్లెట్, పుల్లటి పెరుగు, నిలవ పచ్చడి ఒక్కొక్కటే మానుకుంటూ పోయాను. చివరికి తినడానికే భయం వేసే స్థితి వచ్చింది.

జనవరిలో హైదరాబాదులో ఒక న్యూరాలజిస్టుకు చూపించుకున్నాను. పుస్తకం మొత్తం ఆయన ముందు పెట్టాను. ఆయన నాలుగు పేజీలు తిప్పి, "పోయిన నెలలో ఎన్ని రోజులు నొప్పి గోలీ వేసుకున్నారమ్మా?" అని అడిగారు. పదకొండు అంశాలు రాసిన నేను ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. "బయట కూర్చుని లెక్కపెట్టుకుని రండి" అన్నారు. వరండాలో బెంచీ మీద కూర్చుని, పెన్నుతో మార్జిన్లో గీతలు పెడుతూ డిసెంబరు పేజీలన్నీ తిప్పాను. ఐదు గీతలకొక కట్ట చొప్పున మూడు కట్టలు పోను రెండు గీతలు మిగిలాయి. పదిహేడు. నేను ఏడో ఎనిమిదో ఉంటాయనుకున్నాను. నవంబరు లెక్క చూస్తే పదహారు.

ఆయన చెప్పింది ఇది. పారాసెటమాల్ వంటి మామూలు నొప్పి గోలీని నెలకు 15 రోజులు, కెఫీన్ కలిసిన మిశ్రమ గోలీలనైనా, మైగ్రేన్‌కే ప్రత్యేకంగా ఇచ్చే ట్రిప్టాన్ రకం గోలీలనైనా నెలకు 10 రోజులు, అలా మూడు నెలలకు మించి వాడితే ఆ గోలీలే తలనొప్పిని పెంచి పోషించడం మొదలుపెడతాయి. నేను మందుల షాపులో అడిగి తెచ్చుకునేది కెఫీన్ కలిసిన రకం. అంతకుముందు చూపించుకున్న ఒక డాక్టరు రెండేళ్ళపాటు అదే గోలీ రాస్తూ పోయారు, నెలకు ఎన్ని వాడుతున్నానో ఒక్కసారి కూడా అడగలేదు. ఆ విషయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఒక్క ప్రశ్న రెండేళ్ళ ముందు అడిగి ఉంటే, మా చిన్నదాని బాల్యంలో నేను చీకటి గదిలో గడిపిన రోజులు చాలా తగ్గి ఉండేవి.

ఆ గోలీ ఆపిన మొదటి పది రోజులు ఘోరంగా గడిచాయి. సెలవు పెట్టాను. వాంతులు, నిద్రలేమి, కణతలో సుత్తితో కొట్టినట్టు పోటు. డాక్టరు ముందే చెప్పి ఉండకపోతే మూడో రోజే మళ్ళీ గోలీ మింగేదాన్ని. దానితోపాటు నొప్పి రాకుండా కాపాడే మందుగా ప్రొప్రనొలాల్ మొదలుపెట్టారు. అది ఆస్తమా ఉన్నవారికి పనికిరాదు కాబట్టి ఆయాసం, పిల్లికూతలు ఏమైనా ఉన్నాయా అని ముందు గుచ్చిగుచ్చి అడిగారు. ఈ రకం మందు ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలైనా పడుతుంది. పుస్తకం అసలు విలువ నాకు అక్కడ తెలిసింది. ఐదో వారంలో నేను "ఏమీ గుణం లేదు" అని మా ఆయనతో అన్నాను, ఆ మాట నిజమనే నమ్మాను. పేజీ తీసి లెక్కపెడితే నొప్పి రోజులు పదిహేడు నుంచి పదకొండుకు దిగాయి, ఆ మరుసటి నెల ఏడు. నొప్పిలో ఉన్న మనిషికి నిన్నటి నొప్పే గుర్తుంటుంది, పోయిన నెల గుర్తుండదు. అలాంటి జ్ఞాపకాన్ని నమ్మి మందు మధ్యలో మానేసినవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ఇద్దరున్నారు.

రెండో పుస్తకాన్ని నెలకు ఎదురెదురు రెండు పేజీల చొప్పున గీసుకున్నాను. రోజుకొక వరుస, ఆరే గళ్ళు: నొప్పి మొదలైన వేళ, తగ్గిన వేళ, తీవ్రత, వేసుకున్న గోలీ, నిద్రపోయిన గంటలు, నెలసరి రోజు. తీవ్రతకు పది మార్కుల కొలత నాకు కుదరలేదు. పని చేయగలిగితే 1, కష్టం మీద చేస్తే 2, పడుకోవలసి వస్తే 3. ఇంతే. రాత్రి ఎనిమిదింటికి, అన్నం తిన్న తర్వాత, రెండు నిమిషాల పని. మూడున్నరేళ్ళు గడిచినా ఈ పుస్తకంలో సగానికి పైగా కాగితాలు మిగిలే ఉన్నాయి.

మా అత్తమ్మకు మొదటినుంచి ఒక నమ్మకం ఉంది. "అమాస దగ్గరికొచ్చిందంటే నీ తల పలుగుతది బిడ్డా, నేను జూస్తనే ఉన్న" అనేవారు. ఒక దసరా సెలవుల్లో తిథుల క్యాలెండరు, పుస్తకం ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. ఇరవై నాలుగు అమావాస్యలు చూస్తే ఐదింట నొప్పి ఉంది. పున్నములు అన్నే చూస్తే నాలుగింట ఉంది. తేడా ఏమీ లేదని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "మరి అప్పట్ల నీ నెలసరి గూడ అమాస దగ్గర్నే వస్తుండె గదా బిడ్డా, అది జూడు" అన్నారు. చూశాను. తీవ్రత 3 అని రాసిన రోజుల్లో ఎక్కువ భాగం నెలసరికి రెండు రోజుల ముందునుంచి మూడో రోజు లోపలే ఉన్నాయి. ఆ సమయంలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను పడిపోవడం వల్ల మైగ్రేన్ రావడం చాలామంది స్త్రీలలో ఉన్నదేనని డాక్టరు తర్వాత చెప్పారు. ఏళ్ళ తరబడి నన్ను కనిపెట్టి చూసినది ఆమె. చంద్రుడి సంగతి ఎలా ఉన్నా, చూపులో తప్పు లేదు. ఇప్పుడు ఆ ఐదు రోజుల్లో పరీక్ష పేపర్లు దిద్దడం, ఊరి ప్రయాణాలు పెట్టుకోను.

బజ్జీల సంగతీ తేలింది. నొప్పికి ముందు రోజు ఆవులింతలు, మెడ పట్టేయడం, తీపి మీదో కారం మీదో విపరీతమైన యావ కలగడం మైగ్రేన్‌కు తొలిదశ. అంటే బజ్జీ తిన్నందుకు నొప్పి రాలేదు. నొప్పి అప్పటికే బయలుదేరింది కాబట్టి బజ్జీ తినాలనిపించింది. మెడ పట్టడానికి బస్సు కుదుపులను తిట్టుకున్నదీ ఇలాంటిదే. మానేసిన తిండి దాదాపు అంతా మళ్ళీ తింటున్నాను. తిండి వేళ తప్పడం మాత్రం నిజంగానే నొప్పి తెస్తుంది. అందుకే శివరాత్రి ఉపవాసం మానుకున్నాను, దేవుడికి దండం పెట్టుకుని పండ్లు, జొన్న అంబలి వేళకు తీసుకుంటాను. ఏప్రిల్‌లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ రోజుల్లో ఎండ, ఉక్కపోత, ఆలస్యపు భోజనం మూడూ కలిసి వస్తాయి. ఒక ఏడాది పాటు వాడిన మందు తగ్గించి ఆపిన తర్వాత నొప్పులు తిరగబెట్టింది అలాంటి ఏప్రిల్‌లోనే. నల్లగొండ నీళ్ళ వల్లే ఇదంతా అని చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఇక్కడి ఫ్లోరైడ్ ఎంతమంది పళ్ళను, ఎముకలను పాడుచేసిందో మర్రిగూడ వైపు చుట్టాలున్న నాకు తెలుసు. కానీ నా నొప్పి హైదరాబాదు హాస్టల్లో మొదలైంది, దానికీ దీనికీ ముడిపెట్టలేను.

ఇక లోపాలు. అన్నింటికన్నా పెద్దది, నొప్పి తీవ్రంగా ఉన్న రోజున పుస్తకం తెరవలేం. తెల్ల కాగితం మీది వెలుతురే కళ్ళలో గుచ్చుకుంటుంది. మందు పడకపోతే ఒక్కో నొప్పి 4 గంటల నుంచి 72 గంటల వరకు ఉండవచ్చు కాబట్టి మూడు వరుసలు ఖాళీగా పోతాయి, తర్వాత గుర్తు తెచ్చుకుని రాసినవి సరిగ్గా ఉండవు. ఫోన్ యాప్ వాడి చూశాను, ఆ తెర మరీ భరించలేకపోయాను. చివరికి వంటింటి గోడ మీది క్యాలెండర్‌లో మా అమ్మాయి పెన్సిల్‌తో గీత పెడుతుంది, గోలీ ఇచ్చిన వేళ పక్కన రాస్తుంది. నేను లేచాక పుస్తకంలోకి ఎక్కిస్తాను. ఇంట్లో అలా చేసే మనిషి లేనివారికి ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది.

రెండో లోపం, ఇది మనసు మీద పనిచేస్తుంది. రోజంతా రాస్తూ ఉన్న కాలంలో నేను ఎప్పుడూ నా తలనే గమనించుకునేదాన్ని, ప్రతి నొప్పికీ ఏదో ఒక తప్పు చేశానని వెతికేదాన్ని. రోజుకొకసారికి మించి తెరవకూడదని నియమం పెట్టుకున్నాకే ఆ బాధ తగ్గింది. మూడోది, పుస్తకం ఇంట్లో ఎక్కడపడితే అక్కడ ఉంటే నెలసరి వివరాలు వచ్చినవాళ్ళ కంట పడతాయి. ఒకసారి పడ్డాయి కూడా. ఇప్పుడు దానిని బీరువాలో నా చీరల కింద పెడుతున్నాను.

పుస్తకం చివరి అట్ట లోపలివైపు, పడుకోవలసి వచ్చిన రోజు ఇంట్లో ఏం జరగాలో రాసి ఉంచాను. దోసె పిండి ఫ్రిజ్‌లో ఉంటుంది, కుక్కర్‌లో అన్నం మా ఆయన పెడతారు, పచ్చడి, పెరుగు చాలు. ఇల్లు ఊడవడం, బట్టలు ఉతకడం మర్నాటికి. జెల్ ప్యాక్ కరెంటు పోయినా చల్లదనం ఉండేలా డీప్ ఫ్రిజ్‌లో వెనకవైపు, తడి తువ్వాలు కిటికీకి. పడమటి గది మధ్యాహ్నం తర్వాత కాగిపోతుంది కాబట్టి పడక తూర్పు గదిలో. ఇది రాయకముందు, కళ్ళు మూసుకుని పడుకున్న నన్ను "టిఫిన్ ఏం చేయాలి, పాలు ఎన్ని పోయించుకోవాలి" అని అడిగేవాళ్ళు, వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళకు తెలియదు. బడిలో స్టాఫ్ రూమ్ అరలో ఒక చిన్న సంచి: గోలీలు, నీళ్ళ సీసా, బిస్కెట్లు, నల్లద్దాలు. నొప్పి ఇంకా చిన్నగా ఉన్నప్పుడే గోలీ వేసుకుంటే బాగా పనిచేస్తుంది, కానీ ప్రతి చిన్న నొప్పికీ వేసుకుంటే నెల లెక్క పది దాటుతుంది. ఈ సందిగ్ధం ఇప్పటికీ తీరలేదు. ఆ నెల గడిలో ఆరు గీతలున్నాయా, ఎనిమిదున్నాయా అని చూసుకుని నిర్ణయించుకుంటాను.

నెలకు నాలుగైదు రోజులు తలనొప్పితో ఉండి, ఎన్ని గోలీలు వేసుకుంటున్నారో చెప్పలేని ఎవరికైనా ఈ పుస్తకం కొనమని చెబుతాను. అయితే ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చే నొప్పికి, జ్వరంతో మెడ బిగుసుకుపోయే నొప్పికి, మాట తడబడి, చెయ్యో కాలో పట్టు తప్పే నొప్పికి పుస్తకం తెరవకూడదు, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి.

మందు రెండోసారి మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. వచ్చే మూడు నెలలు నొప్పి రోజులు నాలుగు దాటకపోతే మళ్ళీ తగ్గించి చూద్దామని డాక్టరు అన్నారు. ఆ మూడు నెలల పేజీలూ నిన్న రాత్రి స్కేలు పెట్టి గీసుకున్నాను. ఈసారి ఏప్రిల్ వాటిలో లేదు.